పేలని ఫిరంగి: వాంకూవర్ రేవు నుంచి విశాఖ తీరం దాకా



ఈ వారం చరిత్ర ప్రసంగంలో యుద్ధనౌకల గురించి మాట్లాడుకుందాం. యుద్ధనౌక అనగానే మనకు సినిమాల్లో చూసినవే గుర్తొస్తాయి. ఫిరంగులు పేలడం, టార్పెడోలు దూసుకుపోవడం, ఓడ నిలువునా మునిగిపోవడం. అవన్నీ జరిగిన సంగతులే, కాదనలేం. కానీ గత వందేళ్ళ చరిత్రను కాస్త నిదానంగా చదివితే ఇంకో విషయం తెలుస్తుంది. సముద్రం మీది ఆయుధాలు పేలి సాధించిన దానికన్నా, పేలకుండా కేవలం అక్కడ నిలబడి సాధించింది చాలాసార్లు ఎక్కువ. ఊళ్ళో పెద్దకాపు కర్ర పట్టుకుని అరుగు మీద కూర్చుంటే చాలు, ఎవరినీ కొట్టనక్కర్లేదు, వీధిలో నడిచేవాళ్ళు సర్దుకుని నడుస్తారు. ఇదీ అలాంటిదే. అయితే ఆ కర్ర ఎవరి వైపు చూపిస్తున్నారు, ఎందుకు చూపిస్తున్నారు అన్నది రాజకీయం. ఆ రాజకీయం మనకు బాగా దగ్గరది. ఎందుకంటే పసిఫిక్ తీరంలో కెనడా నౌకాదళం తన ఫిరంగులతో మొట్టమొదట బెదిరించింది జర్మన్లను కాదు, జపాన్ వాళ్ళనూ కాదు. మన ఇండియా వాళ్ళను.

కథ 1910లో మొదలవుతుంది. ఆ ఏడాది మే నెలలో కెనడా పార్లమెంటు నౌకాదళ చట్టం చేసింది. అప్పటిదాకా కెనడా తీరాలను కాపాడే పని బ్రిటిష్ నేవీదే. కొత్త దళానికి ఓడలు కావాలి కదా, బ్రిటన్ దగ్గర వాడిన ఓడలు రెండు కొన్నారు. పెద్దది 'నయోబీ', అట్లాంటిక్ వైపు హాలిఫాక్స్‌కు వెళ్ళింది. చిన్నది 'రెయిన్‌బో', పసిఫిక్ వైపు విక్టోరియా పక్కనున్న ఎస్క్విమాల్ట్‌కు 1910 నవంబరులో వచ్చింది. రెయిన్‌బో 1891లో నీళ్ళలోకి దిగిన ఓడ. దాని మీద ఆరంగుళాల ఫిరంగులు రెండు, అంతకన్నా చిన్నవి మరికొన్ని ఉండేవి. ఆరంగుళాల గుండు ఒక్కొక్కటి సుమారు 45 కిలోలు తూగుతుంది. కాగితం మీద బాగానే ఉంది. వాస్తవానికి ఓడ పాతదైపోయింది, నడపడానికి సరిపడా నావికులు లేరు. ఆ తర్వాత కెనడాలో ప్రభుత్వం మారింది, నౌకాదళం మీద ఆసక్తి తగ్గింది. రెయిన్‌బో చాలాకాలం రేవులో ఊరికే ఉండిపోయింది.

ఇంతలో 1914 మే 23న వాంకూవర్ రేవులోకి 'కొమగాటా మారు' అనే జపాన్ ఓడ వచ్చింది. ఈ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. గురుదిత్ సింగ్ అనే ఆయన దాన్ని అద్దెకు తీసుకుని హాంకాంగ్ నుంచి ప్రయాణికులను తీసుకొచ్చారు. మొత్తం 376 మంది. వారిలో 340 మంది సిక్కులు, 24 మంది ముస్లిములు, 12 మంది హిందువులు. పంజాబు వాళ్ళు. అందరూ బ్రిటిష్ రాజుగారి ప్రజలే, అంటే చట్టం ప్రకారం కెనడా వాళ్ళు ఏ రాజుకు ప్రజలో వీళ్ళూ ఆయనకే ప్రజలు.

అప్పటికి కెనడాలో 1908 నాటి నిబంధన ఒకటి ఉంది. వలస వచ్చేవాళ్ళు పుట్టిన దేశం నుంచి ఎక్కడా ఆగకుండా ఒకే ప్రయాణంలో రావాలి. వినడానికి సాధువుగా ఉంది. ఇండియా పేరు అందులో లేదు. కానీ ఇండియా నుంచి నేరుగా కెనడాకు వచ్చే ఓడ అప్పట్లో లేదు. దానికి తోడు ఆసియా వాళ్ళు ఒక్కొక్కరు చేతిలో 200 డాలర్లు చూపించాలి. అంటే తలుపుకు తాళం వేయకుండానే తలుపు మూసేశారన్నమాట. బ్రిటిష్ సామ్రాజ్యంలో అందరూ సమానమేనని పైకి చెప్పుకుంటున్న రోజుల్లో ఇండియా వాళ్ళు రాకూడదని నేరుగా రాయలేక ఈ మార్గం పట్టారు. ఈ నిబంధనలో పంజాబీ, తెలుగు అన్న తేడా లేదు. ఆ రోజు ఆ ఓడలో గుంటూరు వాళ్ళో కరీంనగర్ వాళ్ళో ఉన్నా గతి అదే.

రెండు నెలలు ఓడ రేవులోనే ఉంది. ఇదివరకే కెనడాలో ఉండి వెళ్ళినవాళ్ళూ మరికొందరూ కలిసి సుమారు పాతికమందిని తప్ప ఎవరినీ దిగనివ్వలేదు. ఒడ్డున ఉన్న మనవాళ్ళు చందాలు వేసుకుని ఓడ అద్దె బాకీ కట్టారు, వకీలును పెట్టి కోర్టుకు వెళ్ళారు. జూలై 6న బ్రిటిష్ కొలంబియా అప్పీలు కోర్టు వాళ్ళకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. ఓడలో తిండికీ నీళ్ళకూ కటకట. ఈ పరిస్థితిలో వెనక్కి వెళ్ళాలంటే పసిఫిక్ దాటడానికి సరిపడా సరుకులు ఇమ్మని ప్రయాణికులు అడిగారు. అధికారులు ముందు కదలండి అన్నారు. జూలై 19 తెల్లవారకముందే 'సీ లయన్' అనే టగ్ బోటులో నూరుమందికి పైగా పోలీసులను ఎక్కించి ఓడను బలవంతంగా పట్టుకోవాలని చూశారు. ప్రయాణికులు పైనుంచి బొగ్గు, ఇటుకలు విసిరి తిప్పికొట్టారు.

అప్పుడు గుర్తొచ్చింది ఒట్టావాకు రెయిన్‌బో. ఉన్నంతలో సిబ్బందిని పోగుచేసుకుని కమాండర్ వాల్టర్ హోస్ దాన్ని ఎస్క్విమాల్ట్ నుంచి వాంకూవర్‌కు తీసుకొచ్చాడు. ఈయనే తర్వాత రోజుల్లో కెనడా నౌకాదళానికి అధిపతి అయ్యాడు. జూలై 21న రెయిన్‌బో వచ్చి కొమగాటా మారు దగ్గర నిలబడింది. వాంకూవర్ జనం వేలల్లో రేవు గట్ల మీదికి వచ్చి వేడుకలా చూశారు. చేతిలో ఇటుకలున్న సుమారు 350 మంది ప్రయాణికులు ఒక పక్క, ఆరంగుళాల ఫిరంగులు ఇంకో పక్క.

ఫిరంగి పేలలేదు. పేల్చే అవసరం రాలేదు. బేరసారాలు జరిగాయి, ప్రయాణానికి సరుకులు ఇవ్వడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. జూలై 23న కొమగాటా మారు లంగరెత్తింది. రెయిన్‌బో దాన్ని సముద్రం దాకా సాగనంపింది. సరిగ్గా అదే రోజు, జూలై 23న, యూరప్‌లో ఆస్ట్రియా సెర్బియాకు తుది హెచ్చరిక పంపింది. మొదటి ప్రపంచ యుద్ధం తలుపు తట్టింది. ఇంకో పన్నెండు రోజుల్లో బ్రిటన్, దాంతో పాటు కెనడా, ఇండియా అన్నీ జర్మనీతో యుద్ధంలో ఉన్నాయి.

ఇప్పుడు చూడండి తమాషా. కెనడా పసిఫిక్ తీరం మొత్తానికి యుద్ధనౌక అంటూ ఉన్నది ఈ ఒక్క రెయిన్‌బోయే. అటు మెక్సికో వైపు 'లైప్జిగ్' అనే జర్మన్ క్రూయిజర్ తిరుగుతోంది. అది రెయిన్‌బో కన్నా కొత్తది, వేగం గలది, మంచి శిక్షణ ఉన్న సిబ్బంది గలది. మెక్సికో వైపున్న రెండు చిన్న బ్రిటిష్ ఓడలను కాపాడమని రెయిన్‌బోను దక్షిణానికి పంపారు. దాని దగ్గరున్నవి పాతకాలపు మందుగుండు గుండ్లు, కొత్తరకం గుండ్లు సమయానికి చేరలేదు. నిరాయుధులైన ప్రయాణికుల ముందు అంత భయంకరంగా నిలబడిన ఓడ, నిజమైన శత్రువు ఎదురైతే ఎంతసేపు నిలిచేదో చెప్పడం కష్టం. అదృష్టవశాత్తూ రెండూ ఒకదానికొకటి ఎదురుపడలేదు.

బ్రిటిష్ కొలంబియా జనానికి మాత్రం గుండె దడ మొదలైంది. అప్పుడు ప్రావిన్స్ ప్రీమియర్ రిచర్డ్ మెక్‌బ్రైడ్ ఓ సాహసం చేశాడు. సియాటెల్‌లో చిలీ దేశం కోసం కట్టిన జలాంతర్గాములు రెండు అమ్మకానికి ఉన్నాయని తెలిసి, ఒట్టావా అనుమతి కోసం ఆగకుండా 11 లక్షల 50 వేల డాలర్లకు బేరం కుదిర్చాడు. యుద్ధం ప్రకటించాక అమెరికా తటస్థ దేశం కాబట్టి ఆయుధాలు బయటికి పోనివ్వదు. అందుకని ఆగస్టు 4 రాత్రి చీకట్లో అవి సియాటెల్ నుంచి బయటపడి, 5వ తేదీ ఉదయానికి ఎస్క్విమాల్ట్ చేరాయి. ఒడ్డున కాపలా ఫిరంగుల దగ్గరున్నవాళ్ళకు ఈ సంగతి ముందుగా ఎవరూ చెప్పలేదు. శత్రువుల జలాంతర్గాములేమోనని కంగారుపడ్డారు. రెండు మూడు రోజుల పాటు ఆ జలాంతర్గాములు ఒక ప్రావిన్స్ సొంత ఆస్తి, తర్వాత కేంద్రం తీసుకుంది. పేర్లు సీసీ-1, సీసీ-2. వాటికి మొదట టార్పెడోలే లేవు. హాలిఫాక్స్ నుంచి రైల్లో దేశం ఈ చివర నుంచి ఆ చివరకు తెప్పించాల్సి వచ్చింది. యుద్ధం అయిపోయేదాకా అవి ఏ శత్రు ఓడనూ కొట్టలేదు. కానీ పసిఫిక్ తీరంలో కెనడాకు జలాంతర్గాములు ఉన్నాయన్న మాట అందరికీ తెలిసింది, తీరంలో జనం ధైర్యంగా నిద్రపోయారు. జర్మన్ ఓడలు రాకపోవడానికి అవే కారణమని ఎవరూ రుజువు చెయ్యలేరు. అక్కడే ఉంది ఇలాంటి ఆయుధంలో చిక్కు. పని చేసిందో లేదో లెక్క చూపించలేం, డబ్బు మాత్రం ఖర్చవుతుంది. మెక్‌బ్రైడ్ బేరం మీద తర్వాత విచారణ కూడా జరిగింది, ఆయన తప్పు లేదని తేల్చారు.

ఆ లైప్జిగ్ దక్షిణ అమెరికా వైపు వెళ్ళి జర్మన్ దళంతో కలిసి 1914 నవంబరు 1న చిలీ తీరంలో కరొనెల్ దగ్గర యుద్ధం చేసింది. అక్కడ మునిగిన బ్రిటిష్ ఓడ 'గుడ్ హోప్'లో నలుగురు కెనడా కుర్రాళ్ళు, మిడ్‌షిప్‌మెన్, ప్రాణాలు పోగొట్టుకున్నారు. కెనడా నౌకాదళంలో యుద్ధంలో పోయిన మొదటివాళ్ళు వాళ్ళే.

ఇక మన వైపు వద్దాం. అదే 1914 సెప్టెంబరులో బంగాళాఖాతంలో ఒక పక్క కొమగాటా మారు కలకత్తా వైపు ఇంటిదారి పట్టి వస్తోంది, ఇంకో పక్క 'ఎమ్డెన్' అనే జర్మన్ క్రూయిజర్ వేటాడుతోంది. ఎమ్డెన్ ఒంటరి ఓడ. కెప్టెన్ పేరు కార్ల్ ఫాన్ ముల్లర్. సెప్టెంబరు 22 రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో అది మద్రాసు రేవుకు దాదాపు మూడు కిలోమీటర్ల దూరంలోకి వచ్చి, బర్మా ఆయిల్ కంపెనీ కిరోసిన్ ట్యాంకుల మీద సుమారు 130 గుండ్లు పేల్చింది. ట్యాంకులు అంటుకున్నాయి. పోయిన ప్రాణాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కానీ మద్రాసు ఆ రోజుల్లో తెలుగు జిల్లాలకూ రాజధాని. తెల్లవారేసరికి జనం మూటాముల్లె సర్దుకుని రైలు స్టేషన్లకు పరుగెత్తారు. బంగాళాఖాతంలో ఓడల రాకపోకలు స్తంభించాయి, సరుకుల మీద బీమా రేట్లు పెరిగాయి. తమిళంలో గడుసువాణ్ణి ఎమ్డెన్ అనడం అప్పుడు మొదలైనదే. మద్రాసు హైకోర్టు గోడ దగ్గర ఆ దాడి గుర్తుగా శిలాఫలకం ఉంది. ఆ రాత్రి గుండ్లు ఒక అరగంటలోపు ఆగిపోయాయి. భయం నెలల తరబడి ఉండిపోయింది. నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా యుద్ధనౌక 'సిడ్నీ' ఎమ్డెన్‌ను దెబ్బతీసేదాకా ఆ సముద్రంలో ఓడలు ప్రాణాలరచేత పట్టుకునే తిరిగాయి.

కొమగాటా మారు మాత్రం సెప్టెంబరు చివర్లో కలకత్తా దగ్గర బజ్‌బజ్ చేరింది. వచ్చినవాళ్ళను బలవంతంగా రైలెక్కించి పంజాబు పంపాలని పోలీసులు చూశారు. గొడవ జరిగింది, కాల్పులు జరిగాయి, సుమారు ఇరవై మంది ప్రయాణికులు చనిపోయారు. వాంకూవర్‌లో పేలని తుపాకి బజ్‌బజ్‌లో పేలింది. ఓడ ఫిరంగి భయపెట్టి పంపేయగలదు కానీ, ఆ మనుషుల సమస్యను తీర్చలేదు. ఇంకో రేవుకు నెట్టిందంతే.

రెండో ప్రపంచ యుద్ధానికి వచ్చేసరికి సముద్రం మీద ఆయుధం మారిపోయింది. ఫిరంగి కొన్ని మైళ్ళు కొడితే, విమానవాహక నౌక మీది విమానాలు వందల మైళ్ళ దూరం వెళ్ళి కొట్టి రాగలవు. 1942 ఏప్రిల్‌లో జపాన్ నౌకాదళం హిందూ మహాసముద్రంలోకి వచ్చింది. ఇక్కడ మళ్ళీ కెనడా కనిపిస్తుంది, ఈసారి మనకు మేలు చేస్తూ. ఒంటారియోలో సెయింట్ క్యాథరిన్స్‌లో పుట్టిన లెనార్డ్ బర్చాల్ అనే కెనడా వైమానిక దళ అధికారి, సిలోన్ నుంచి కాటలీనా విమానంలో గస్తీ తిరుగుతూ ఏప్రిల్ 4న ఆ జపాన్ నౌకాదళాన్ని చూశాడు. వైర్‌లెస్‌లో కబురు పంపుతుండగానే జపాన్ విమానాలు ఆయన విమానాన్ని కూల్చేశాయి. తొమ్మిదిమందిలో ఆరుగురు బతికి బందీలయ్యారు. ఆ కబురు వల్ల మర్నాడు కొలంబో మీద దాడి జరిగేటప్పటికి రేవులోని ఓడల్లో చాలావాటిని ముందే బయటికి పంపేయగలిగారు. ఆయన్ను సిలోన్ రక్షకుడని పిలిచారు. 2004లో కింగ్‌స్టన్‌లో కన్నుమూశారు.

ఆ జపాన్ దాడిలోనే ఇంకో దళం బంగాళాఖాతంలోకి వచ్చి సరుకుల ఓడలను ముంచింది. ఏప్రిల్ 6న 'ర్యూజో' అనే విమానవాహక నౌక నుంచి వచ్చిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. నష్టం పెద్దది కాదు. కానీ విశాఖలో జనం ఊరు ఖాళీ చేసి బంధువుల పల్లెలకు తరలిపోయారు. మీ ఇళ్ళల్లో ఉత్తరాంధ్ర పెద్దవాళ్ళుంటే 'బాంబులు పడినప్పుడు' అన్న మాట వినే ఉంటారు. విశాఖ మ్యూజియంలో ఆనాటి జపాన్ బాంబును ఇప్పటికీ చూపిస్తారు. బ్రిటిష్ తూర్పు నౌకాదళం ఆఫ్రికా తీరం దాకా వెనక్కి తగ్గింది. ఇండియాను ఎవరు కాపాడతారన్న ప్రశ్న ఆ ఏడాది ఊరూరా మోగింది. ఆగస్టులో క్విట్ ఇండియా వచ్చేనాటికి బ్రిటిష్ వాళ్ళ బలం మీద జనానికున్న నమ్మకం సడలడంలో ఈ సముద్రపు ఓటములకూ భాగముంది.

1971లో మళ్ళీ విశాఖే. ఈసారి ఆయుధం పుకారు. తూర్పు నౌకాదళం అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్. మన దగ్గరున్న ఒకే ఒక విమానవాహక నౌక 'విక్రాంత్'ను ముంచడానికి పాకిస్తాన్ జలాంతర్గామి 'ఘాజీ' నవంబరు 14న కరాచీ నుంచి బయలుదేరింది. విక్రాంత్‌ను రహస్యంగా అండమాన్ దీవుల వైపు పంపేశారు. కానీ అది విశాఖ దగ్గరే ఉందని శత్రువు నమ్మాలి. అందుకని 'రాజ్‌పుత్' అనే పాత ఓడ నుంచి విక్రాంత్ అయినట్టే సందేశాలు పంపించారు. విశాఖ కాంట్రాక్టర్ల దగ్గర పెద్ద ఓడకు సరిపడా సరుకులు ఆర్డరు చేయించారు, బజారులో మాట పాకాలని. విక్రాంత్ నావికుడొకడు తల్లి ఆరోగ్యం అడుగుతూ మామూలు టెలిగ్రాం ఇచ్చినట్టు కూడా చేశామని కృష్ణన్ గారు తన జ్ఞాపకాల్లో రాశారు. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ తీరంలో ఘాజీ పేలి మునిగింది. అందులో ఉన్న 90 మందికి పైగా నావికుల్లో ఒక్కరూ మిగల్లేదు. సముద్రంలో తేలిన వస్తువులు జాలర్లకు దొరికాయి. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్ల మునిగిందని మన నౌకాదళం, ప్రమాదవశాత్తూ పేలిందని పాకిస్తాన్ చెబుతాయి. 2017లో వచ్చిన 'ఘాజీ' సినిమాలో చూపించినట్టు రెండు జలాంతర్గాములు నీళ్ళ కింద పోరాడినట్టు అధికారిక చరిత్రలో లేదు.

అదే యుద్ధం చివర్లో ఇంకో పేలని ఆయుధం వచ్చింది. అమెరికా అణుశక్తి విమానవాహక నౌక 'ఎంటర్‌ప్రైజ్' తన దళంతో బంగాళాఖాతంలో ప్రవేశించింది. అది విక్రాంత్‌కు దాదాపు నాలుగు రెట్లు. ఒక్క గుండు కూడా పేల్చలేదు. యుద్ధం ఆగలేదు కూడా. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. అంటే బెదిరింపు అన్నిసార్లూ పారదు. ఎదుటివాడు భయపడకపోతే అంత పెద్ద ఓడా బొమ్మలా నిలబడుతుంది. కానీ ఆ బెదిరింపు మన నౌకాదళం మనసులో చాలాకాలం ఉండిపోయింది. 2009 జూలై 26న అణు జలాంతర్గామి 'అరిహంత్' నీళ్ళలోకి దిగింది అదే విశాఖలో. దాని పని కూడా పేలకుండా ఉండటమే. అది పేలిన రోజున గెలిచేవాళ్ళెవరూ ఉండరు.

ఇవన్నీ పాత కథలని అనుకోకండి. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో యెమెన్ హౌతీలు వాణిజ్య ఓడల మీద క్షిపణులు, డ్రోన్లు వేయడం మొదలుపెట్టారు. దెబ్బతిన్న ఓడలు కొన్నే. కానీ పెద్ద పెద్ద షిప్పింగ్ కంపెనీలు సూయజ్ దారి మానేసి ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్ళాయి, బీమా ఖర్చులు పెరిగాయి. 1914లో ఎమ్డెన్ చేసిందీ అదే.

మళ్ళీ కెనడా సంగతికి వస్తే, 2016 మే 18న ప్రధాని జస్టిన్ ట్రూడో పార్లమెంటులో కొమగాటా మారు విషయంలో దేశం తరఫున క్షమాపణ చెప్పారు. అప్పటి రక్షణ మంత్రి హర్జిత్ సజ్జన్, పంజాబులో పుట్టిన సిక్కు. ఆ ఓడను వెళ్ళగొట్టడంలో పాల్గొన్న బ్రిటిష్ కొలంబియా రెజిమెంటుకే ఆయన ఇటీవలి కాలంలో కమాండింగ్ ఆఫీసరుగా పనిచేశారు. ట్రూడో ఆ సంగతి క్షమాపణలోనే చెప్పారు. వందేళ్ళలో ఇంత దూరం వచ్చాం. ఊరికే రాలేదు. ఒడ్డున చందాలు వేసుకుని కోర్టుకెక్కినవాళ్ళ దగ్గర మొదలై వచ్చాం.

మన పిల్లలు ఇక్కడి స్కూళ్ళలో హాలిఫాక్స్ కాన్వాయ్‌ల గురించి, అట్లాంటిక్ యుద్ధం గురించి చదువుతారు. వేసవి సెలవులకు వైజాగ్ తీసుకెళ్తే బీచ్ రోడ్డులో 'కురుసుర' జలాంతర్గామి ఎక్కి ఫోటోలు దిగుతారు. రెండూ గర్వపడవలసినవే. వాటితో పాటు రెయిన్‌బో కథ కూడా చెప్పండి. ఓడ ఎంత పెద్దది, క్షిపణి ఎంత దూరం కొడుతుంది అని పిల్లలు అడుగుతారు, చెప్పండి. ఆ ఓడను ఎవరు పంపారు, ఎవరి ముందు నిలబెట్టారు, ఆ ఎదుటివాళ్ళ చేతిలో ఏముంది అని కూడా వాళ్ళతో అడిగించండి. వాంకూవర్ వెళ్ళినప్పుడు కోల్ హార్బర్ ఒడ్డున కొమగాటా మారు స్మారకం ఉంది. ఒక పావుగంట అక్కడ ఆగండి. ఆ గోడ మీద ప్రయాణికుల పేర్లుంటాయి. ఒకటి రెండు పైకి చదవమని పిల్లలకు చెప్పండి.